బరువు నిలిపిన రెండు నిమిషాలు

ప్రయోగశాల, నేలమాళిగ గది
జనవరి 9

అత్తయ్యా,

ఫోన్‌లో నా మాట నీకు వినపడదు, నీ అరుపు నేను తట్టుకోలేను. లోహాల ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు సుత్తి దెబ్బలు విన్న చెవులకు మేనకోడలి గొణుగుడు ఎలా ఆనుతుందని నువ్వే అంటావు. అందుకని ఉత్తరమే నయం. కాగితం మీద నేను గొణగను.

ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. నా గదికి కిటికీ లేదు. పైన ఎక్కడ పెట్టినా వీధిలో లారీ వెళ్ళినప్పుడల్లా నా సూది వణుకుతుందట, అందుకని సూదినీ నన్నూ కలిపి కిందికి దించారు. సూది అంటే కుట్టుసూది కాదు. దీని కొనకు వజ్రం ఉంటుంది. గోరంత టైటానియం ముక్కను అద్దంలా నునుపు చేసి, ఆ కొనను దాని మీదికి మెల్లగా దించుతాను. వెంట్రుక మందంలో ఐదువందలో వంతు దిగితే చాలు. ఎంత బలానికి ఎంత దిగిందో యంత్రం రాసుకుంటుంది. దాన్నిబట్టి ఆ చోట లోహం ఎంత గట్టిదో తెలుస్తుంది. వరసకు నలభై చుక్కలు, నలభై వరసలు. మొత్తం పదహారు వందలు.

మా పెద్దాయనను నేను మనసులో సగటు గారు అంటాను. పదహారు వందల చుక్కల్నీ ఆయన ఒక్క అంకె చేస్తారు. ఆ అంకెకు మరీ దూరంగా ఉన్నవాటికి ‘కోతి చుక్కలు’ అని పేరుపెట్టి కొట్టేయిస్తారు. కొట్టేశాక మళ్ళీ సగటు తీసి, అంతా ఒక్క తీరుగా ఉందని సంతోషిస్తారు. పొడుగువాళ్ళనూ పొట్టివాళ్ళనూ ఊరి బయటికి పంపి, ఈ ఊళ్ళో అందరిదీ ఒకే ఎత్తు అన్నట్టుంటుంది. ఆయన గదిలో గోడకు మూడు ప్రశంసాపత్రాలు ఉన్నాయి. మూడూ ఒకే ఎత్తులో వేలాడతాయి.

ఇప్పుడు మా చేతిలో ఉన్నది లావు దిమ్మెల బ్యాచి ఒకటి. విమానం ఇంజను ముందు భాగంలో తిరిగే చక్రాన్ని దీంతో చేస్తారు. ఈ బ్యాచి మంచిదేనని ఏప్రిల్ నెలాఖరుకు రిపోర్టు ఇవ్వాలి. కొలిచినవాళ్ళ గడిలో నా సంతకం ఉండాలి. ఆ సంతకం తర్వాతే నా ఉద్యోగం ఖాయమవుతుందని సగటు గారు చాలా మర్యాదగా చెప్పారు.

మీ ఫ్యాక్టరీలో కోతి చుక్కలు ఉండేవా? వాటిని ఏం చేసేవారు?

నీ మేనకోడలు

*

మా ఇల్లు, వంటింటి బల్ల
జనవరి 21

సూదమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు లేకుండా, రెండోసారి పెట్టుకుని. పెద్ద తేడా ఏమీ లేదు.

ఇన్నేళ్ళు చదివి, నువ్వు చివరికి లోహానికి టీకాలు వేస్తున్నావన్నమాట. చాలా సంతోషం. మేం బొటనవేలంత కడ్డీని మెషిన్లో బిగించి లాగేవాళ్ళం, వదిలేవాళ్ళం, మళ్ళీ లాగేవాళ్ళం. అది తెగేదాకా అదే పని. తెగితే ఆ చప్పుడుకు అవతల కాంటీనులో గ్లాసులు కదిలేవి. మీ దగ్గర చీమ తుమ్మితే ప్రయోగం పాడు.

ఒక్క మెతుకు పట్టుకు చూస్తే అన్నం సంగతి తెలిసిపోతుందంటారు. ఆ మాటన్నవాడు అడుగంటిన గిన్నె ఎన్నడూ తోమి ఉండడు. పైమెతుకు ఎప్పుడూ బాగానే ఉంటుంది. నువ్వు పట్టుకునేది మెతుకు కూడా కాదు, మెతుకు మీద నలుసు. దాన్ని చూసి చక్రం సంగతి చెబుతారా మీరు? గోరంతలు కొండంతలు చేయడానికి కూడా చదువుంటుందని నాకు తెలియదు.

కోతి చుక్కలంటావా. మా ఫోర్‌మన్ దగ్గర ఎర్ర పెన్సిల్ ఉండేది. అంతవరకు తెలుసుకో, చాలు.

నేను మెషిన్ మీద ఉన్నది నాలుగేళ్ళే. నా చేతిరాత చూసి ప్రమోషన్ మీద రిజిస్టరు బల్లకు తీసుకున్నారని నీకు తెలుసు కదా. ఇరవై ఎనిమిదేళ్ళు కూర్చున్నాను. కుర్చీ అరిగింది, నేను అరగలేదు.

సంతకం పెట్టు. చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చినా తలుపు వెనక నిలబడి పుస్తకం చదివేదానివి. ఇప్పుడు పెద్దాయనకు పేరు పెట్టేంత ధైర్యం వచ్చింది, అదీ మనసులో. మనసులో పులి కానిది ఎవరు?

మేనత్త

*

ప్రయోగశాల, నేలమాళిగ గది
ఫిబ్రవరి 12

అత్తయ్యా,

టీకాల మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. బాగుందని ఒప్పుకోవడం ఇష్టం లేక.

నువ్వు నవ్వుకోవడానికి ఇంకొక సంగతి. అదే లోహంలోంచి మేం స్తంభాలు చెక్కుతాం. వెంట్రుకలో పదో వంతు లావు ఉన్నవి కొన్ని, అంతకన్నా సన్నవి కొన్ని. పైనుంచి నొక్కితే లావు స్తంభం కంటే సన్న స్తంభమే ఎక్కువ ఒత్తిడికి నిలబడుతుంది. చిన్నదాని లోపల లోపాలకు చోటు తక్కువ. (మా అమ్మ పొట్టిదని గుర్తుచేస్తూ ఉత్తరం రాయక్కర్లేదు.) అందుకే చిన్నదాన్ని కొలిచి పెద్దదాని గురించి తీర్పు చెప్పకూడదు. పెద్దదాన్ని చూపించి చిన్నదాని నోరు మూయించనూ కూడదు. రెండూ కొలవాలి, రెండూ ఎక్కడ కలుస్తాయో చూడాలి. ఇది చెబితే సగటు గారు ‘పాఠ్యపుస్తకం మాటలు’ అని తీసిపారేశారు. ఆ పాఠ్యపుస్తకం రాసింది ఆయనే.

ఇక అసలు సంగతి. ఆయన కొట్టేయమన్న చుక్కల్ని నేను పారేయలేదు. నూట ముప్పై రెండు ఉన్నాయి. గళ్ళ కాగితం మీద ఏది ఎక్కడిదో అక్కడే పెన్సిల్‌తో పెట్టుకుంటూ వచ్చాను. చెదురుమదురుగా ఉంటాయనుకున్నాను. లేవు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు వరసగా, ఒకే వీధిలో ఇళ్ళలా ఉన్నాయి.

లోహం లోపల గింజలుంటాయి, నీకు తెలిసిందే. టైటానియం గింజ ఒక దిక్కు నుంచి నొక్కితే గట్టిగా ఉంటుంది, ఇంకో దిక్కు నుంచి మెత్తగా ఉంటుంది. మంచి కడ్డీలో గింజలు తలో దిక్కుకు తిరిగి ఉండాలి. ఈ వీధిలో అన్నీ ఒకే వైపు తిరిగి కూర్చున్నాయి. అన్నీ గట్టివే.

కాగితం తీసుకెళ్ళి చూపించాను. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, నా చేయి బరువు, నునుపు చేసేటప్పుడు పై పొర నలిగి గట్టిపడి ఉంటుంది అన్నారు. మళ్ళీ నునుపు చేశాను. ఈసారి ఆసిడ్‌తో పై పొర మొత్తం తీసేశాను. వీధి కదల్లేదు. రెండోసారి వెళితే, మీలా కడ్డీలు లాగే పెద్ద మెషిన్ మీద అదే బ్యాచిలోంచి కోసిన కడ్డీ ఇరవై ఒక్క వేల సార్లు లాగినా తెగలేదని రాసిన కాగితం నా ముందు పెట్టి, పెద్దది నవ్వుతుంటే చిన్నది ఎందుకు ఏడుస్తోందని అడిగారు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది కోతి చుక్క.

కాగితం మడిచి తెచ్చుకున్నాను. నువ్వు చెప్పిన పులి ఎక్కడికి పోయిందో తెలియదు.

అత్తయ్యా, నీ చేతి మీద, అందరూ మంచిదన్న టైటానియం కడ్డీ ఏదైనా ముందే తెగిందా?

నీ మేనకోడలు

*

మా ఇల్లు
మార్చి 2

అమ్మాయికి,

ఎవరు చెప్పారు నీకు? మీ నాన్నే అయి ఉంటాడు. నా గుట్టు ఊరికి పంచడానికే పుట్టాడు నా తమ్ముడు.

తెగాయి. ఏడింటిలో మూడు. మిగతా ముగ్గురు టెస్టర్ల చేతిలో ఇరవై వేలు లాగినా తెగని రకం కడ్డీలు నా చేతిలో ఆరు వేలు, ఏడు వేలకే తెగాయి. నేను చేసిన పాపం ఏమిటో విను. ప్రతి యాభై లాగుళ్ళకు ఒకసారి మెషిన్ ఆపి, కడ్డీ ఎంత సాగిందో ముల్లు చూసి రాయాలి. ‘బరువు మీద ఉండగానే చూసి రాయవలెను’ అని నిబంధనల పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం మా టెస్టింగు షాపులో నేనొక్కదాన్నే చదివాను. తక్కినవాళ్ళు బరువు దించేసి, టీ గ్లాసు పట్టుకుని, ముల్లు ఎక్కడ ఉందో గుర్తు తెచ్చుకుని రాసేవాళ్ళు. నేను బరువు అలాగే నిలిపి, మూడు గళ్ళూ నింపి, సిరా ఆరాక దించేదాన్ని. రెండు నిమిషాలు పట్టేది. నిన్ను చదివించిన కాన్వెంటే నన్నూ చదివించింది. అక్షరం అలికితే సిస్టర్ మళ్ళీ రాయించేది, ఆ అలవాటు పోలేదు.

కడ్డీలోనే ఏదో ఉందన్నాను. ‘ఆడలేక మద్దెల ఓడన్నదట ఒకావిడ’ అన్నాడు ఫోర్‌మన్. షాపంతా నవ్వింది. ఆ నవ్వు మాత్రం నాకు బాగా వినపడింది, అప్పటికి చెవులు బాగానే ఉండేవి.

కడ్డీ ముందే తెగితే టెస్టరు చెడ్డదని అర్థం. అంతకుమించి అందులో శాస్త్రం లేదు. నువ్వు సంతకం పెట్టి ఉద్యోగం నిలుపుకో. ఇలాంటి ప్రశ్నలు మళ్ళీ రాయకు.

*

ప్రయోగశాల, మెట్ల మీద
మార్చి 15

అత్తయ్యా,

నాన్న నాకు ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పింది నువ్వే.

నీ ఉత్తరం చదివాక కాసేపు గదిలో ఉండలేక ఇక్కడికొచ్చి కూర్చున్నాను. తర్వాత పెద్ద మెషిన్ చూసే ఆయన దగ్గరికి వెళ్ళాను. వెళ్ళడానికి ముందు మూడుసార్లు మంచినీళ్ళ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. మీ మెషిన్ బరువు మీద ఎంతసేపు ఆగుతుందని అడిగాను. ఆగడమేమిటి, నిమిషానికి ముప్పై సార్లు లాగి వదులుతుంది, కొలతలు కూడా దానంతటదే రాసుకుంటుంది అన్నారాయన. ఎప్పుడూ ఆగదా అన్నాను. ఆగితే చెడిపోయినట్టే అన్నారు.

ఇప్పుడు విను. ఇది ఓదార్పు కాదు. మెత్తటి గింజ మీద బరువు పెట్టి నిలిపితే అది కొద్దికొద్దిగా జారుతుంది. జారినకొద్దీ తన వంతు బరువు పక్కనున్న గట్టి గింజ మీద వేస్తుంది. పదిమంది ఉన్న ఇంట్లో ఒకరు మెల్లగా నడుం వాలిస్తే పని ఎవరి మీద పడుతుందో నీకు చెప్పక్కర్లేదు. గట్టి గింజ ఒక్కటే ఉంటే ఎలాగో ఓర్చుకుంటుంది. వీధికి వీధే గట్టిదైతే అదంతా కలిసి ఒకే పెద్ద గింజలా పగులుతుంది. కానీ మెత్తటిది జారడానికి వ్యవధి కావాలి. లాగి వెంటనే వదిలితే ఆ వ్యవధి దొరకదు. నీ పక్కవాళ్ళు ముగ్గురూ వెంటనే వదిలేశారు. నువ్వు ప్రతిసారీ రెండు నిమిషాలు ఇచ్చావు.

విమానం లేచేటప్పుడు ఇంజను చక్రం మీద బరువు నిమిషాల తరబడి దిగదు. చక్రం నీలాగే చేస్తుంది అత్తయ్యా, టీ గ్లాసులవాళ్ళలా కాదు.

నీ చేతి తప్పు కాదని నేను అనుకుంటున్నాను. సగటు గారికి నేను అనుకునేది అక్కర్లేదు. ఫ్యాక్టరీ రిజిస్టరులో నీ అంకెలు ఎర్ర పెన్సిల్ కింద ఉంటాయి, అది మనకు ఇవ్వరు. నీ సొంత నోటుపుస్తకం ఏదైనా ఉందా? ఆ మూడు కడ్డీలూ లావు దిమ్మెల నడిమధ్య నుంచి కోసినవేనా? సుత్తి దెబ్బ నడిమధ్య దాకా సరిగా చేరదు. గింజలు విడిపోకుండా వీధులుగా మిగిలేది అక్కడే.

రిపోర్టుకు ఇంకా ఆరు వారాలు ఉంది.

నీ మేనకోడలు

*

మా ఇల్లు, వంటింటి బల్ల
మార్చి 27

సూదమ్మకు,

ఇది ఓదార్పు కాదు అని మొదలుపెట్టే ఓదార్పు నాకు అసలే గిట్టదు.

ఎలాగూ తవ్వావు కాబట్టి పూర్తిగా విను. ప్రమోషన్ లేదు, గిమోషన్ లేదు. నా మూడు అంకెల మీద ఫోర్‌మన్ ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీసి, పక్కన ‘టెస్టరు లోపం’ అని రాశాడు. మర్నాటి నుంచి నన్ను రిజిస్టరు బల్ల దగ్గర కూర్చోమన్నారు. ఆ బల్ల మీద నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? ఆ పేజీనే శుభ్రంగా తిరగరాయడం. నా మూడు అంకెలు లేకుండా, నా చేతిరాతతో. చాలా అందంగా వచ్చింది.

ఇంటికొచ్చి మీ తాతయ్యకు ప్రమోషన్ అని చెప్పాను. ఆయన వీధంతా చెప్పుకున్నాడు. ఆ తర్వాత అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి దారి లేకపోయింది. మీ నాన్నకు కూడా తెలియదు. పాపం వాడిని అనవసరంగా తిట్టాను, నువ్వేమీ వాడికి చెప్పక్కర్లేదు.

ఫోర్‌మన్ ఇక్కడికి రెండు వీధుల అవతల ఉంటాడు. పొద్దున పాల దుకాణం ముందు వరసలో కనపడతాడు. చేతికర్ర వచ్చింది, పళ్ళు పోయాయి, ఆ మాట మాత్రం పోలేదు. ‘ఏమ్మా మద్దెలా, బాగున్నావా’ అంటాడు. ముప్పై ఏళ్ళుగా తలూపి పాలు తీసుకుని వస్తున్నాను. నిన్ను పులి కాదన్న మనిషి సంగతి ఇది.

నోటుపుస్తకం పంపుతున్నాను. పాత దిండు గలేబులో చుట్టాను. ఏ కడ్డీ ఏ దిమ్మెలో ఎక్కడి నుంచి కోశారో కూడా అందులో రాసి పెట్టాను, అప్పట్లో ఎవరూ రాయమనకపోయినా. నువ్వు రాశాక తీసి చూశాను. మూడూ లావు దిమ్మెల నడిమధ్యవే. మిగిలిన నాలుగూ అంచువి. ముప్పై ఏళ్ళు అది నా బీరువాలో ఉంది, నాకు తట్టలేదు. నా మీద నాకే కోపంగా ఉంది, కాబట్టి ఈ వారం నాకు దూరంగా ఉండు.

నోటితో నిరూపించాలని చూడకు. తెంపి చూపించు. తెగని కడ్డీ మీద ఎంతసేపైనా వాదించవచ్చు, తెగినదాని మీద ఎవరూ వాదించరు. పుస్తకం మళ్ళీ నాకు పంపాలి.

మేనత్త

*

ప్రయోగశాల, నేలమాళిగ గది
ఏప్రిల్ 24

అత్తయ్యా,

తెగాయి.

వరసగా చెబుతాను. ఎనిమిదో తారీకున రిపోర్టు సమావేశం. గదిలో ఏడుగురం. సగటు గారు రిపోర్టును నా ముందుకు జరిపి, కలం మూత తీసి మరీ అందించారు. అందులో బ్యాచి ఒక్క తీరుగా ఉందని పెద్ద అక్షరాల్లో ఉంది. కలం పుచ్చుకుని బల్ల మీద పెట్టాను.

‘కొట్టేసిన చుక్కలు వేస్తేనే సంతకం పెడతాను’ అన్నాను.

ఎంత చిన్నగా అన్నానంటే ఆయన చెవి దగ్గర చేయి పెట్టుకుని ఏమిటన్నారు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారంత కష్టం కాదు, ఇది నీకు ఎప్పుడైనా పనికొస్తుంది.

నీ నోటుపుస్తకం తెరిచి పెట్టాను. బరువు నిలిపి పరీక్ష చేయాలని అడిగాను. ఆయన పేజీలు తిప్పి, అక్షరాలు బాగున్నాయన్నారు. తర్వాత నవ్వారు.

‘ముప్పై ఏళ్ళ కిందటి ఈ పుస్తకం చూసి మెషిన్ ఆపమంటావు. ఇంతకీ ఈవిడ టెస్టరా, గుమాస్తానా?’

‘టెస్టరే’ అన్నాను.

మిగతా ఐదుగురూ తమ తమ కాగితాలు ఎంతో శ్రద్ధగా చదువుకున్నారు. అవి తెల్లకాగితాలు. అప్పుడు పెద్ద మెషిన్ చూసే ఆయన, వచ్చే వారం తన మెషిన్ ఖాళీయేనని, ఊరికే ఉండే బదులు ఒకసారి ఆపి చూస్తే అరిగిపోదని అన్నారు. ఆయన నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ఇద్దరం ఆ విషయంలో ఒకటే.

దిమ్మె నడిమధ్య, వీధి ఉన్న చోటు నుంచి మూడు కడ్డీలు కోయించాను. అంచు నుంచి ఒకటి. ప్రతి యాభై లాగుళ్ళకు ఒకసారి, నీ లెక్క ప్రకారం రెండు నిమిషాలు బరువు మీద నిలిపాం. మెషిన్‌కు రాయాల్సిన పని లేదు. ఆ రెండు నిమిషాలూ నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. రెండు నిమిషాలు ఎంత పొడుగో ఇంతకుముందు నాకు తెలియదు. మొదటిది ఐదు వేల ఎనిమిది వందల యాభైకి తెగింది. రెండోది ఆరు వేల నాలుగు వందలకు. మూడోది ఏడు వేల వందకు. అంచు కడ్డీ పందొమ్మిది వేలు దాటింది. నీ పుస్తకం పక్కన పెట్టి చూస్తే నీ మూడూ నా మూడూ అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. తెగిన ముఖాన్ని భూతద్దం కింద పెడితే పగులు మొదలైన చోట వీధి కనిపించింది.

మద్దెల ఓడే, అత్తయ్యా. నీ చేయి బాగానే ఉంది.

బ్యాచి ఆపేశారు. సగటు గారు ఇప్పుడు దీన్ని ‘మన పరిశీలన’ అంటున్నారు. నిన్న ఎవరికో ఫోన్‌లో, సగటు మీద గుడ్డిగా ఆధారపడకూడదని తాను మొదటి నుంచీ చెబుతున్నట్టు చెప్పారు. కోతి చుక్కలు అన్న మాట ఎవరు పుట్టించారో ఆయనకు గుర్తు లేదు. నా ఉద్యోగం మాత్రం ఖాయం కాలేదు. రిపోర్టుకు అడ్డం పడినందుకు ఇంకో ఆరు నెలలు చూస్తారట. నన్ను కూడా బరువు మీద నిలిపారు. జారే రకం కాదని వాళ్ళకింకా తెలియదు.

ఒక్కటి మిగిలింది. రిపోర్టు రెండో పేజీలో, ఈ పద్ధతి మొదట ఎవరిదో రాసే గడి ఒకటి ఉంది. సగటు గారు అందులో ‘ఒక పాత ఫ్యాక్టరీ గుమాస్తా పుస్తకం’ అని రాశారు. నేను కొట్టేశాను, ఎర్ర పెన్సిల్ కొని మరీ. అక్కడ ఏం రాయమంటావు?

నోటుపుస్తకం అదే గలేబులో చుట్టి పంపుతున్నాను. లోపల కడ్డీ ముక్క ఉంది, మొదట తెగినదానిలో సగం. చేయి కోసుకోకు.

నీ మేనకోడలు

*

మా ఇల్లు, వంటింటి బల్ల
మే 6

సూదమ్మకు,

ముక్క చేరింది. పుస్తకం చేరింది. గలేబు ఉతికి పంపాల్సింది.

మర్నాడు పొద్దున ముక్కను పాల గిన్నెలో వేసుకుని దుకాణానికి వెళ్ళాను. ఫోర్‌మన్ వరసలో నాకు ముందున్నాడు. ‘ఏమ్మా మద్దెలా’ అన్నాడు. ఈసారి తలూపలేదు. ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను.

ముసలివాడైనా లోహం తెలిసిన మనిషి. తెగిన ముఖాన్ని వెలుతురుకు తిప్పి, బొటనవేలితో తడిమి చూశాడు. ఎన్ని లాగుళ్ళకు తెగిందన్నాడు. చెప్పాను. ముఖం చిట్లించాడు.

‘ఎవరు పాడుచేశారు దీన్ని?’

‘మా మేనకోడలు. మా ఇంటి ఆడవాళ్ళ హస్తవాసి అది.’

ఆయన చెవులు నా చెవుల కంటే అన్యాయం. ఏమిటీ అన్నాడు. నువ్వు చెప్పినట్టే, రెండోసారి చెప్పడం అంత కష్టం కాలేదు. బిగ్గరగా చెప్పాను. బరువు నిలపడం సంగతి, దిమ్మె నడిమధ్య సంగతి, ఎర్ర పెన్సిల్ సంగతి, మొత్తం చెప్పాను. ప్రతి మాటకూ ఏమిటీ అనడం, ప్రతి మాటా నేను ఇంకా గట్టిగా చెప్పడం. వరసలో పదకొండు మంది ఉన్నారు. పాలు పోసే ఆవిడ పోయడం మానేసి వింది. వాళ్ళలో ఎవరికీ టైటానియం అంటే ఏమిటో తెలియదు, కానీ ముప్పై ఏళ్ళ కిందట తప్పు ఎవరిదో ఇప్పుడు అందరికీ తెలుసు.

అంతా విని ఆయన ఏమన్నాడో తెలుసా? అప్పుడే గట్టిగా చెప్పాల్సింది అన్నాడు. ఇలాంటివాళ్ళకు సిగ్గు కూడా సగటునే వస్తుంది. కానీ ముక్కను ఇంకోసారి వెలుతురుకు తిప్పి చూసి తిరిగి ఇచ్చాడు. కర్ర మీద బరువు మార్చుకుని, రెండు నిమిషాలు ఎందుకు ఆపేదానివి అసలు అని అడిగాడు.

పుస్తకంలో అలాగే రాసి ఉందని చెప్పాను.

తర్వాత వారం నుంచి పాల దుకాణంలో తనే ముందుగా నాకు నమస్కారం పెడుతున్నాడు. మద్దెల అనడం లేదు. ఏమని పిలవాలో తెలియక ఇబ్బంది పడుతున్నాడు, పడనీ.

నీ చుక్కల వీధి కాగితం ఒకటి పంపు. నీ సూదిని మెచ్చుకున్నాననుకోకు. వంటింటి గోడ మీద సున్నం రాలిన చోటు ఒకటి ఉంది, దానికి సరిపోతుంది.

మీ నాన్నకు నేనే చెప్పాను. ప్రమోషన్ అబద్ధమా అని రెండు రోజులు అలిగాడు. వాడు కూడా అప్పట్లో ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడట.

గడి సంగతి. నా పేరు అక్కర్లేదు. ఫ్యాక్టరీ పేరు అసలే వద్దు. టెస్టరు అని రాయి.

సిరాతో రాయి.

మేనత్త